అద్దానికి ఇవతల

"గడ్డం కాస్త దించండి. ఇంకాస్త. అంత వద్దు, కింద ఏమీ పడిపోలేదు."

స్టూలు మీద కూర్చున్న లారీ డ్రైవరు నవ్వు ఆపుకోబోయి కళ్లు మూసేశాడు. స్టూడియోమ్మ విసుక్కోకుండా మళ్లీ ఫొటో తీసింది. అతను వేసుకున్న నల్లకోటు స్టూడియోదే. ఊళ్లో సగంమంది మగవాళ్ల ఒంటి మీదికి ఎక్కి దిగిన కోటు అది. ఉద్యోగాల దరఖాస్తుల మీదా అదే, పెళ్లి సంబంధాలకి పంపే ఫొటోల్లోనూ అదే. వీపు వైపు చిరుగు ఉంది గానీ, ముందునించి కనపడదు కనక ఎవరికీ పట్టలేదు. సన్నగా ఉన్నవాళ్లకి వెనకనించి రెండు క్లిప్పులు పెడుతుంది. లావుగా ఉన్నవాళ్లని ఊపిరి బిగబట్టమంటుంది.

ఫొటోలు ప్రింటరులోంచి వస్తుండగా ఆవిడ మరిది లోపలికి వచ్చాడు. ఇనప సామాన్ల కొట్టు ఉంది అతనికి. ఎప్పుడు వచ్చినా వస్తూనే అద్దం ముందు నిలబడి, తాడుకి కట్టిన దువ్వెనతో తల దువ్వుకుంటాడు. ఆ రోజూ దువ్వుకున్నాడు. సాయంత్రం అయిదింటికల్లా తయారుగా ఉండమన్నాడు. మందిరం హాలులోనే సంస్మరణ సభట. కార్యదర్శిగారే స్వయంగా మాట్లాడతారట. అన్నయ్య ఫొటో నిలువెత్తున వేయించారట. ఇవాళయినా స్టూడియో కట్టేయకూడదా అన్నాడు.

కట్టేస్తే ఈ జనమంతా ఎక్కడికి పోతారని ఆవిడ అడిగింది. తర్వాత కత్తెర చేతిలోనే పట్టుకుని, మందిరంవాళ్లకి ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందంది.

"పోయిన మనిషి పేరుమీద పంతాలేంటి వదినా? పిలిచి పెద్దపీట వేస్తున్నారు. నువ్వు ఊరికే వచ్చి కూర్చో, చాలు."

ఆవిడ డ్రైవరు ఫొటోల అంచులు కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చింది. ఊరికే వచ్చి కూర్చోవడం. బతుకంతా ఆవిడని అందరూ అడిగింది అదే.

ఆవిడ భర్తని ఊళ్లో శాలువాయన అనేవాళ్లు. శాలువా ఆయనది కాదు. మందిరంలో గాజుపెట్టెలో ఉంటుంది. ఎప్పుడో వందల ఏళ్ల కిందట ఆ ఊరికి వచ్చిన పెద్దాయన, జబ్బు పడ్డ పిల్లలకి కప్పిన ఉన్ని శాలువా అని చెబుతారు. ఇన్నేళ్లయినా ఒక్క పోగు చెదరలేదని గోడ మీద పాలరాతి పలక చెక్కించి పెట్టారు. పెళ్లయిన కొత్తలో మందిరంవాళ్లు క్యాలెండరు కోసం దాని ఫొటో తీయమని ఆయన్ని పిలిచారు. గంటలో వస్తానని వెళ్లినవాడు భోజనం సంగతి కూడా మర్చిపోయి దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. అద్దం మీద లైటు మెరిసి ఫొటో పాడవుతోందంటే పెట్టె తెరిచారట. పక్కనించి ఏటవాలుగా లైటు వేస్తే శాలువా ఒంటి మీద సన్నటి గీతలు లేచాయట. అవేంటో తేల్చుకుందామని పెద్దవి చేసి ప్రింట్లు వేశాడు. డార్క్‌రూములో తీగ మీద వాటిని ఆరేస్తున్నది ఆవిడ.

"ఇది చిరుగుకి రఫ్ఫు కుట్టిన చోటండీ," అంది క్లిప్పు పెడుతూ. "ఎవరో ఎడమచేతివాటం మనిషి చేసినట్టుంది. దారం ఎటు తిరిగిందో చూడండి."

ఆవిడ వాళ్లమ్మది ఎడమచేతివాటం. చిన్నప్పుడు గౌన్లకి పడ్డ చిరుగులన్నీ అలాగే కుట్టేది. కొత్తపెళ్లికూతురు అంత ధైర్యంగా మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఆయన ప్రింటు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్లీ ప్రింటు వైపు చూశాడు. ఆ చూపుతో ఆయన బతుకు ఒక దారిన పడింది. ఆయన వెనకాలే ఆవిడదీ.

ఏటా పెట్టె తెరిచి దులిపే రోజున కెమెరా పట్టుకుని వెళ్లేవాడు. ఒక మూల ఎవరో హడావిడిగా లాగి కుట్టిన ముతక కుట్టు. ఇంకో మూల భూతద్దంలో తప్ప కనపడనంత నాజూకు పని. రంగు కలవక ఒకరు కుట్టింది విప్పి, మళ్లీ కుట్టినవాళ్లూ ఉన్నారు. ఆయనకి దేవుడి మీద నమ్మకం ఉందో లేదో ఆవిడకి కూడా తెలీదు. అడిగితే నవ్వేవాడు. కానీ ఆ కుట్టు వేసినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారిపోయేది. ఇదిగో ఈమె కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, లేకపోతే ఇంత సన్నపని రాదు అనేవాడు, పక్కింటి మనిషి సంగతి చెబుతున్నట్టు. పోగు చెదరకపోవడంలో గొప్పేముంది, చెదిరిన ప్రతిసారీ ఎవరో ఒకరు పని మానుకుని దాని పక్కన కూర్చున్నారు, అదీ గొప్ప అనేవాడు.

ఈ మాట చెబితే మందిరంవాళ్లు సంతోషిస్తారనుకున్నాడు. అంత అమాయకుడు. కార్యదర్శి విని, బయట అనకండి అన్నాడు. నాస్తికుల సంఘం మనిషి ఒకడు స్టూడియోకి వచ్చి, అయితే అదంతా బూటకమని రాసివ్వండి, మేం అచ్చు వేస్తాం అన్నాడు. బాగుచేశారన్నాను గానీ బూటకమనలేదే అని ఆయన పంపించేశాడు. చివరికి కాలేజీలో ఎవరో మాట్లాడమంటే వెళ్లి, ఫొటోలు తెరమీద వేసి, ఇది మొదట చూసింది మా ఆవిడ అని కూడా చెప్పి వచ్చాడు. ఆ మర్నాటినించి మందిరంలో ఆయనకి అద్దం దగ్గరికి వెళ్లే దారి మూసేశారు. కెమెరా మాట అలా ఉంచండి, మనిషినే రానివ్వలేదు. దర్శనం రోజున అందరితోపాటు లైనులో నిలబడేవాడు. పెట్టె దాకా వచ్చేసరికి కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి పక్కకి పంపేసేవాడు. వాడు కూడా ఈ స్టూడియోలో నల్లకోటు వేసుకుని ఫొటో తీయించుకున్నవాడే. ఆయన ఇంటికొచ్చి, ఇవాళ దూరంనించి చూశానే, ఎడమ మూల కొంచెం కుంగింది, సరిగ్గా పరవలేదు అనేవాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది. మందిరంవాళ్ల మీద ఎంతో, ఈయన మీదా అంతే. ఒక్కోసారి ఆ శాలువాని తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాలనిపించేది.

ఆయన పాత నెగెటివ్‌లతో లోపల డార్క్‌రూములోనే ఉండిపోయాడు. స్టూడియోగా వాడే ఇంటి ముందుగదిలో పరీక్షల పిల్లలు, పాస్‌పోర్టులవాళ్లు, పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చే తల్లులు. అందరినీ ఆవిడే కూర్చోబెట్టింది, గడ్డాలు దింపించింది, ఇల్లు నడిపింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. వేదిక మీద నిలువెత్తు ఫొటో. ఆవిడ తీసిన ఫొటోనే, ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నవ్వుతున్నది. ఆ కళ్లద్దాలని ఎవరో కంప్యూటరులో తీసేశారు. నుదురు నున్నగా, ఏదో పటంలో మనిషిలా ఉన్నాడు. మరిది ఆవిడని ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చున్నాడు.

కార్యదర్శికి గొంతు బాగుంటుంది. ముసలాడయినా మైకు అక్కర్లేదు. శాలువా మహిమని లోకానికి చాటిన ధన్యుడన్నాడు. పోగు చెదరని ఆ వస్త్రాన్ని మొదటిసారి చూసిన క్షణంలోనే ఆయన తన జీవితాన్ని దానికి రాసిచ్చేశాడన్నాడు. మధ్యలో వచ్చిన చిన్న చిన్న అపోహలు ఎప్పుడో తొలగిపోయాయన్నాడు. ఆవిడ చేతిసంచీ పిడిని గట్టిగా పట్టుకుంది. అబద్ధాలు కొత్తవేం కాదు, పాలరాతి మీదే చెక్కుకున్నారు, ఇవీ వింటే సరిపోతుంది, మరిది ముచ్చట తీరుతుంది అనుకుంది.

అప్పుడు కార్యదర్శి గొంతు తగ్గించాడు. ఆ మహానుభావుడికి సంసారం మీద కూడా మమకారం లేదన్నాడు. ఈ సేవకి అడ్డవుతారని పిల్లలు కూడా వద్దనుకున్నాడన్నాడు. వెనక ఎవరో ఆహా అన్నారు.

ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని బస్సులు. ఆకుపచ్చ గోడల వరండాల్లో ఆయన ఆవిడ చెప్పులు కాపలా కాస్తూ బల్లమీద కూర్చునేవాడు. ఒకసారి నాలుగో నెల దాకా నిలిచింది. అది పోయిన రోజు ఆయన డార్క్‌రూములోకి వెళ్లి తలుపేసుకుని, ఎంతకీ బయటికి రాకపోతే, బాధ ఎవరిదనుకున్నారు, తలుపు తీయండి అని ఆవిడే వెళ్లి అరవాల్సి వచ్చింది. తీశాడు. చీకట్లో ఇద్దరూ కింద కూర్చుని ఏడ్చారు. అది వీళ్లకి త్యాగం అయి కూర్చుంది.

ఇంకా అయిపోలేదు. చివరి క్షణంలో ఆయన మందిరం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, పెద్దాయన పేరు తలుచుకుని కన్నుమూశాడని కార్యదర్శి అంటూ ఉండగా ఆవిడ లేచింది. మరిది కొంగు పట్టుకున్నాడు. విడిపించుకుంది. వేదిక ఎక్కలేదు, ఉన్నచోటునించే మాట్లాడింది. మైకులేని ఆవిడ గొంతు చిన్నది. అందుకని హాలంతా నోరు మూసుకుని వినాల్సి వచ్చింది.

"ఆయన పోయినప్పుడు అక్కడున్నది నేను. మీరెవరూ లేరు. ముందుగదిలో నేను ఒక పాపకి పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నాను. జుట్టు చెవులమీద పడుతోంది. ఆయన లోపలినించి కేకేశాడు. 'చెవులు కనపడాలి, చూసుకో' అన్నాడు. అంతే. అదే ఆయన ఆఖరి మాట."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆవిడ అటు చూడలేదు.

"పిల్లలు వద్దనుకోలేదు. మాకు పుట్టలేదు. ఆ శాలువాకి చిరుగులున్నాయి, వాటిని మనుషులు కుట్టారు. ఆయన బతికుండగా మీకు చెప్పింది ఇదే. మీకు నచ్చకపోతే మానేయండి. పోయాక ఆయన నోట్లో మీ మాటలు పెట్టకండి."

కూర్చుంది. కుర్చీలు కిర్రుమన్నాయి. కార్యదర్శి, భర్తని పోగొట్టుకున్న ఇల్లాలి దుఃఖం మనకి అర్థమవుతుంది అని, అందరినీ లేచి మౌనం పాటించమన్నాడు. అందరూ లేచారు. ఆవిడ లేవలేదు.

బయట మెట్ల మీద టీలు, బిస్కెట్లు ఇస్తున్నారు. కార్యదర్శి దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం లేదు, అదే ఆవిడకి మరీ మంట పుట్టించింది. మందిరంలో శాలువా పక్కనే ఇంకో గాజుపెట్టె చేయిస్తున్నామన్నాడు. ఆయన కెమెరా, ఫొటో తీసేటప్పుడు తలమీద కప్పుకునే నల్లగుడ్డ అందులో పెడతారట. భక్తులు చూస్తారట. సంఘం తీర్మానం కూడా అయిపోయిందట.

"బతికున్నన్నాళ్లూ ఆ అద్దం దగ్గరికి రానివ్వలేదు," అంది ఆవిడ. "ఇప్పుడు అద్దం లోపలే పెడతానంటున్నారా?"

"మీరిప్పుడు ఆవేశంలో ఉన్నారమ్మా. నిదానంగా మాట్లాడుకుందాం."

"నిదానంగానే చెబుతున్నాను. ఇవ్వను. పొద్దున్నే ఎనిమిదింటికి స్టూడియో తీస్తాను. ఆ కెమెరాతో నాకు పనుంది."

నిజానికి ఆ పాత పెట్టె కెమెరాతో ఆవిడకి ఏ పనీ లేదు. దాని ఫిలిం దొరకడమే మానేసింది.

మర్నాడు పేపర్లో కార్యదర్శి ఉపన్యాసం వచ్చింది, చేతులు జోడించిన ముచ్చటతో సహా. ఆవిడ మాట ఒక్క ముక్క కూడా రాలేదు. మరిది ఆరునెలలు ఆ గడప తొక్కలేదు. తొక్కాక కూడా ఆ విషయం ఎత్తలేదు. గాజుపెట్టె మాత్రం ఖాళీగా ఎన్నాళ్లు ఉంచుతారని, అందులో ఆయన ఫొటో పెట్టారు, కళ్లద్దాలు లేనిది. పాలరాతి పలక అలాగే ఉంది.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం ఆవిడ నడిచే ఇంటికి వచ్చింది. రోడ్డు మీద ఎవరో పలకరించినా ఆగలేదు. చెప్పులు విడిచి, ముందుగది లైటు వేసి, నేరుగా డార్క్‌రూము తలుపు తీసింది. ఆయన్ని మోసుకెళ్లిన రోజున ఎవరో దగ్గరికి లాగిన తలుపు అది. అప్పటినించీ ఆవిడ అందులోకి వెళ్లలేదు. కెమెరా ఉందో లేదో, తీర్మానం చేసుకున్నవాళ్లు ఈపాటికే పట్టుకుపోయారేమో చూద్దామని వెళ్లింది. ఉంది. నల్లగుడ్డ కూడా ఉంది.

సభలో ఆవిడ చెప్పనిది ఒకటుంది. ఆ రోజు పాప చెవులు కనపడేలా ఫొటో తీసి, వాళ్లని పంపించి, ఆయనకి టీ పెట్టుకుని లోపలికి వచ్చింది. ఆయన బల్లమీద చెయ్యి పరిచి, దాని మీద చెంప ఆనించి ఉన్నాడు. మధ్యాహ్నాలు అలా కునుకు తీయడం అలవాటే. రాత్రంతా దగ్గాడు, కాసేపు పడుకోనీ అనుకుంది. లేపలేదు. అడుగుల చప్పుడు కాకుండా బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, బ్యాంకు పరీక్షకి వెళ్లే కుర్రాడికి కోటు తొడిగింది. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు. వాళ్లకీ తీసింది. అప్పుడు వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు కూడా అలవాటుకొద్దీ ఎర్రబల్బే వేసింది. ఫొటోలు కడిగే ట్రేలలో నీళ్లు ఎండిపోయి అంచులమ్మట తెల్లగా కట్టింది. వాటి పక్కన, ఆయన కుడిచెయ్యి అందేంత దూరంలో, చల్లారకుండా ఆవిడ సాసరు మూసి పెట్టిన టీ గ్లాసు, మూసినట్టే ఉంది.