కదపవద్దని పెట్టిన ప్యాకేజీ

గొంతుకు ఆపరేషన్ అయ్యాక నా భార్య మాట్లాడేది కంప్యూటర్ ద్వారానే. గొంతు పోకముందే ఒక ఇంజినీరు ఆమె చేత పేజీలకు పేజీలు చదివించి, ఆ గొంతును ఫైలుగా దాచాడు. ఆమె టైపు చేసిందల్లా ఆయన రాసిన ప్రోగ్రాం ఆ గొంతుతోనే పలికేది. నేను ప్రార్థనకు కూర్చుంటే పక్క గదిలోంచి "కాఫీ చల్లారిపోతోంది, దేవుడెక్కడికీ పోడు లెండి" అని వినిపించేది. ఇంజినీరు కిందటేడు కాలం చేశాడు.

ఆదివారం మా బావమరిది వచ్చాడు. ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం అతని ఉద్యోగం.

"అక్కా, దీనికి అప్‌డేట్లే లేవు. బూజు పట్టిపోయింది."

"ముట్టుకోకురా చిన్నోడా. మీ బావ దుమ్ము తుడిస్తేనే అలుగుతుంది," అందామె మీటలు నొక్కి.

"నేను బావను కాదుగా!"

ఆమె నవ్వింది. నవ్వు మాత్రం శబ్దం లేకుండానే వస్తుంది. తమ్ముడి మీద నమ్మకంతో వంటింట్లోకి వెళ్లింది.

"ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీ బావా. ఒకటి ఇంకోదాన్ని ఆనుకుని ఉంటుంది. కొత్తది తెచ్చేటప్పుడు దానికి కావలసినవన్నీ సిస్టమే తెచ్చుకుంటుంది, పొసగనివి తీసేస్తుంది."

"ఉమ్మడి కాపురంలా ఉందే!"

"అంతే అనుకో."

అప్‌డేట్ మొదలుపెట్టాడు. ఒకచోట పని ఆగింది. శబ్దానికి సంబంధించిన పాత ప్యాకేజీ ఒకదాన్ని కదపవద్దని ఇంజినీరు గుర్తు పెట్టి ఉంచాడు. ఎందుకో రాయలేదు. ఆఫీసులో అలా ఆగిందంటే లోపం కిందే లెక్క. బావమరిది ఆ గుర్తు తీసేశాడు. వందల యంత్రాలు చూసేవాడు ప్రతిదాని ముందూ కూర్చోలేడు గనక, యంత్రం అడగబోయే ప్రశ్నలన్నిటికీ ముందే అవునని చెప్పి పని మొదలుపెట్టడం అతని అలవాటు. ఇక్కడా అదే చేశాడు. చివర్లో చోటు కలిసొస్తుందని పాత ప్యాకేజీల కాపీలూ తుడిచాడు.

ఆమె వచ్చి టైపు చేసింది. ఏమీ పలకలేదు.

అతను స్క్రీన్ మీద వెనక్కి వెళ్లి చూశాడు. కొత్త శబ్దపు ప్యాకేజీతో పొసగదు, మాట్లాడే ప్రోగ్రాం తీసేయనా అని యంత్రం అడిగి ఉంది. కింద అవునని ఉంది.

"మళ్లీ పెట్టరా," అన్నాను.

"ఎక్కణ్ణించి బావా? ఇంజినీరుగారి సర్వర్ మూసేశారు. ఉన్న ఒక్క కాపీ నేనే తుడిచా."

ఇంజినీరు ఇంటికి ఫోన్ చేశాను. ఆయన యంత్రాలన్నీ చెరిపి ఎవరికో ఇచ్చేశామని ఆయన భార్య నొచ్చుకుంటూ చెప్పింది.

"మరి గొంతు?" అని బావమరిదిని అడిగాను.

"గొంతు ఫైలు ఉంది. దాన్ని చదవగలిగేది ఆ ప్రోగ్రాం ఒక్కటే."

బావమరిది ఇంకేదో గొంతు తెచ్చి పెట్టాడు. ఆమె టైపు చేసింది. "ఏడవకురా చిన్నోడా," అని వార్తలు చదివే మనిషిలాంటి గొంతేదో అంది. అతను ఇంకా ఏడ్చాడు. ఆమె శబ్దం ఆపేసింది.

తర్వాత తన ఫైలు ఎక్కడుందో చూపించమని సైగ చేసింది. చూపించాడు. తెరవబోయింది. తెరవగల ప్రోగ్రాం లేదని వచ్చింది.

ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచి అందకుండా చేయడం నీ పద్ధతా స్వామీ, యంత్రాలదా? నీ మీద కోపంతో అడగడం లేదు. తెలియకే అడుగుతున్నాను.

ఆమె మళ్లీ నొక్కింది. అదే జవాబు. ఇంకోసారి నొక్కింది.