దాలమ్మ ఉపవాసాలు

యుద్ధం రోజుల్లో ఆమదాలవలస పక్కన మా పల్లెలో దాలమ్మను మహా భక్తురాలనేవారు. డెబ్బై ఏళ్ల ఒంటరి మనిషి. మొదట శనివారమే ఉపవాసం. తర్వాత సోమ, గురువారాలు కూడా. మేమంతా కాళ్లకు మొక్కాం గానీ, మాలో గుక్కెడు అంబలి పోసినవాళ్లు లేరు.

పక్కింటి తవిటమ్మకు గోడవతల తిరగలి చప్పుడు వినిపించక చాలా రోజులైంది. వెళ్లి చూస్తే కుండ నిండా చోళ్లు, అంటే రాగులు, ఉన్నాయి, తిరగలికి సాలెగూడు పట్టింది. తిప్పే సత్తువ లేక, ఒకరిని అడగలేక, దేవుడి పేరు చెప్పి పస్తులుంటోంది ఆ మొండి మనిషి!

మర్నాడు తవిటమ్మ చోళ్ల గంపతో వచ్చింది. "అత్తా, మా తిరగలి పగిలిపోనాది. నీ దాన్లో ఇసురుకుంతాను."

వెళ్తూ, తిరగలి గలవాళ్లకు ఇచ్చే ఆనవాయితీ అంటూ రెండు దోసిళ్ల పిండి వదిలింది. రోజూ అంతే. అంబలి తాగి దాలమ్మ కోలుకుంది. ఉపవాసం మళ్లీ శనివారానికే దిగింది.

ఓ పొద్దున్న పిండి విసురుతున్న తవిటమ్మతో దాలమ్మ అంది: "ఒసే, నిన్న మీ ఇంటికెల్లి మీ తిరగలి సూసినాను."

తవిటమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నాను బతికున్నన్నాళ్లూ అది పగిలినాదనే సెప్పు."