గౌరీశ్వరి అడిగిన సోది

ఇలా నా పక్కకి జరిగి కూర్చో ప్రియా. ఆ ఫోను బోర్లా పెట్టు. నీ మనసు నీకే అంతు పట్టడం లేదని పొద్దున అన్నావు కదా, అందుకే గౌరీశ్వరి చేయి సంగతి చెప్పాలనిపించింది. నాకూ ఇందులో సగమే అర్థమైంది. ఆ సగమే చెబుతాను.

గౌరి మన నందిగాంలో ఎదురింటి పిల్ల. పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది, పప్పు మీద పొట్టు తీసే పని. పప్పు విరగకుండా తీస్తుందని దానికి మంచి పేరు. పోయిన ఏడు వాళ్లమ్మ, పేరు పెద్దతల్లి, టెక్కలి ఆసుపత్రిలో కన్నుమూసింది. దినకార్యాలయ్యాక పనికి వెళ్లిన మొదటి రోజే గౌరి కుడిచేయి మొండికేసింది. వేళ్లు ముడుచుకుపోతాయి, చాకు జారిపోతుంది, పప్పంతా ముక్కలు. అన్నం ముద్దకు మాత్రం ఆ చేయి బాగానే లేస్తుంది. డాక్టరు నరాలు బాగున్నాయన్నాడు. మేస్త్రి ఇంకొన్నాళ్లు చూసి, ఫ్యాక్టరీలో అది కూర్చునే పీట మరొకరికి ఇచ్చేస్తానన్నాడు. మొగుడు లేని మనిషి, ఆ పీటే దాని ఆధారం.

"అమ్మకి నా మీద కోపమేటో పిన్నీ. ఏటి తక్కువ సేసినానో తెల్దు. సోది అడుగుదుమా?" అంది.

సోది నువ్వు చూడలేదు కదా. చేటలో బియ్యం పోసి, దీపం పెట్టి, సోదమ్మ దేవతలందరినీ పిలుస్తుంది. పోయినవాళ్లు ఆమె నోట పలుకుతారు. జలంత్రకోటలో కాసులమ్మ ఉందని విని, ఇద్దరం బియ్యం మూట కట్టుకుని బస్సెక్కాం.

తీరా వెళ్తే కాసులమ్మ మెడకి తువ్వాలు చుట్టుకుని ఉంది. జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అయినా బియ్యం మాత్రం చేటలో పోయించేసుకుంది.

"గొంతు నేందే పెద్దతల్లి ఎలాగ పలుకుతాది?" అన్నాను.

"పోసిన బియ్యం తిరిగియ్యకూడదమ్మా," అంది గుసగుసగా. "పిల్లనే అడగమను. పిల్లనే పలకమను."

"బాగున్నాదే నీ బేరం," అన్నాను.

గౌరి నవ్వలేదు. కుడిచేయి బియ్యంలో పెట్టి కళ్లు మూసుకుంది.

"అమ్మా, నా మీద కోపమేటి?"

పెరట్లో కొబ్బరి మట్ట ఒకటి రాలింది.

"కోపం నేదు," అంది గౌరే, తల్లిలా కాస్త బొంగురుగా.

"మరి నా సెయ్యెందుకు పట్టుకున్నావు?"

"నాను పట్టుకోనేదు."

"మరెవులు?"

మళ్లీ మొదటికి వెళ్లింది. అడిగిందే అడిగింది, ఒకసారి గౌరిలా, ఒకసారి తల్లిలా. నాకు తల తిరిగిపోయింది. ఆఖరికి గౌరిలా అంది:

"పోయే దినం నా సెయ్యి పట్టుకుని ఏటన్నావు?"

"సన్యాసీ, వచ్చినావురా అన్నాను."

సన్యాసి దాని తమ్ముడు. విశాఖ నుంచి మర్నాడు గాని చేరలేదు. మంచం పక్కన అన్నాళ్లూ కూర్చున్నది గౌరి. ఈ మాట అది ఎవరికీ చెప్పలేదు, నాకైనా.

"నువ్వేటన్నావు?" అని తననే అడిగింది.

"వచ్చినానమ్మా అన్నాను. ఆడి గొంతు పెట్టి అన్నాను."

"ఎందుకలాగ?"

"సుఖంగా పోతాదని."

"పోయిందా?"

"నవ్వుతా పోయింది."

"మరి నీకేటి?"

"నాకు కోపం. నన్ను పిలవకుండా పోయింది."

ఆ మాటకు అదే ఉలిక్కిపడి, ఎవరన్నారన్నట్టు నా వైపు చూసింది. నేను కాసులమ్మ వైపు చూశాను. ఆమెకి గొంతే లేదాయె.

"ఈ సెయ్యి ఎవులిది?" అంది గౌరి. సన్యాసిదని అనబోయి ఆగింది. "నాదే," అంది మెల్లగా. తల్లి పోయిన నాడు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. ఎప్పుడు విచ్చుకున్నాయో, వేళ్ల సందుల్లోంచి బియ్యం జారుతోంది.

"ఎవులికి ఆలే అడిగేసుకుంటే నా బతుకేటవుతాది?" అని కాసులమ్మ గుసగుసలాడింది.

పీట దానికే ఉంది. చిటికెనవేలు ఇప్పటికీ అప్పుడప్పుడు ముడుచుకుంటుంది. అప్పుడు చాకు పక్కన పెట్టి, "ఏటే నీకు?" అని దాన్నే అడుగుతుందట. పక్క పీటల వాళ్లు నవ్వుతారు. కోపం పోయిందా అంటే, "తెల్దు పిన్నీ. ఉన్నాదని మాత్రం తెలిసింది," అంటుంది.

ఆ రోజు పలికింది తల్లో పిల్లో నాకు ఇప్పటికీ తేలలేదు. నీకేమైనా తోస్తే చెప్పు. తోచకపోయినా మరిచిపోకు తల్లీ. రేపు నీ పక్కన ఎవరైనా ఇలాగే దిగులుగా కూర్చుంటే వాళ్లకీ చెప్పు. కాసులమ్మ బియ్యం సంగతి మాత్రం వదిలేయకు.