చెంబెడు నీళ్లతో నేను చెప్పిన అబద్ధం

నేను ఒక టెన్షియోమీటరును. అంత పేరుకు ఎవరికీ నోరు తిరగక గౌనిపల్లిలో నన్ను గడియారమనే పిలుస్తారు. చూడడానికి అద్దంలాంటి మూరెడు ప్లాస్టిక్ గొట్టాన్ని. అడుగున కాల్చిన తెల్లమట్టి మొన, పైన ముల్లు తిరిగే గుండ్రటి ముఖం, కడుపు నిండా నీళ్లు. నన్ను భూమిలో పాతితే, ఎండిన మట్టి ఆ మొనలోంచి నా నీళ్లను పీలుస్తుంది. ఎంత గట్టిగా పీలిస్తే నా ముల్లు అంత పైకి పోతుంది. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. నాలుగు పనులు నెత్తినేసుకుని ఏదీ పూర్తి చేయని మనుషుల అలవాటు నాకు లేదు.

పుట్టింది కోయంబత్తూరులో, ఒక చిన్న కార్ఖానాలో. అక్కడి నుంచి ఒక శిక్షణ కేంద్రానికి చేరి రెండేళ్లు అద్దాల బీరువాలో ఉన్నాను. నన్ను చూపిస్తూ మట్టి తడి గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చారో! మట్టిని మాత్రం నాకెవరూ చూపించలేదు. చివరికి వైన్ కంపెనీ తరఫున తోటలు చూసే ఇంతియాజ్ నన్ను అడిగి తీసుకుని, బండి వెనక కట్టుకుపోయి, పెనుకొండ దగ్గర ఈ గౌనిపల్లిలో అక్కులప్ప తోటలో పాతాడు. ఆ పూట మొదటిసారి మట్టి నన్ను పట్టుకుంది. బతకడమంటే ఇదా అనిపించింది.

అక్కులప్పది రెండెకరాల వైన్ ద్రాక్ష. బోరు సన్నగా పోస్తుంది. కిందటేడు ఎండకు కాయ ముడుచుకుపోతే కంపెనీ వద్దంది. ఈసారీ అట్లాగే అయితే తోట పీకేస్తానని ఆయన ఊరంతా చెప్పేశాడు. ఆయన భార్య అశ్వర్థమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. ప్రతి మొక్కకూ కర్ర కట్టి తీగను పైకి పాకించింది ఆవిడే మరి.

ఇంతియాజ్ పద్ధతి చెప్పాడు. ఇది తినే ద్రాక్ష కాదు. కాయ రంగు తిరిగే వేళ చెట్టుకు కొంచెం దాహం పెడితే కాయ చిన్నదై రుచి చిక్కబడుతుంది. అలాగని చెట్టు ప్రాణం మీదికి తేకూడదు. ముల్లు అరవై దాటితే నీళ్లు వదలాలి, అందాకా ఆగాలి. అశ్వర్థమ్మకు ఇది నచ్చలేదు.

"కడుపుతో ఉండేదానికి నీళ్లు తగ్గిస్తారా యాడన్నా?" అని అడిగింది. ఇంతియాజ్ నవ్వి, నా ముఖం మీద అరవై అంకెను మళ్లీ వేలితో చూపించాడు.

అక్కులప్ప మాత్రం నాకు శిష్యుడైపోయాడు. పొద్దున లేస్తే నా ముఖం, సాయంత్రం మళ్లీ నా ముఖం. పెళ్లయిన కొత్తలో తననైనా అన్నిసార్లు చూడలేదని అశ్వర్థమ్మ దెప్పేది.

మార్చి మొదట్లోనే ఎండలు ముదిరాయి. నా ముల్లు ముప్పై, నలభై అంటూ ఎక్కుతోంది, కడుపులో నీళ్లు దిగుతున్నాయి. అలా దిగడం అశ్వర్థమ్మ కంట్లో పడింది. పాపం, దీనికీ దాహమేసిందనుకుంది. చెట్టుకైతే నెత్తిన పోస్తామా, కాళ్ల దగ్గరే కదా! రోజూ కలుపు తీయడానికి వస్తూ చెంబెడు నీళ్లు నా మొదట్లో పోసి, ఒక మాట పలకరించి వెళ్లేది. ఆ నీళ్లు గొట్టం వెంబడే జారి నేరుగా నా మొనకు చేరేవి. ముల్లు పదిహేనుకు పడిపోయి అక్కడే కూర్చుంది. నన్ను అంత ప్రేమగా చూసిన మనిషి అంతకు ముందు లేదు. ఆవిడంటే నాకు ప్రాణం. కానీ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నాలుగడుగుల దూరంలో తీగలు అలమటిస్తుంటే నేను తడి బాగానే ఉందని చెబుతున్నాను. నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

తొమ్మిది రోజులు గడిచాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. కొసన నిక్కి ఉండాల్సిన నులితీగలు వేలాడిపోయాయి. అశ్వర్థమ్మే ముందు కనిపెట్టి నీళ్లు వదలమని మొగుణ్ణి పోరింది. ఆయన నన్ను చూపించి, చదువుకున్నోళ్లు చేసిన యంత్రం కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. తాను నీళ్లు తాగిస్తున్న యంత్రం చేతిలోనే ఓడిపోయి ఆవిడ మూతి ముడుచుకుని వెళ్లింది. అయినా నా మీద కోపం పెట్టుకోలేదు. మర్నాడు చెంబు మామూలే.

ఆ రోజే ఇంతియాజ్ వచ్చాడు. తీగలను చూసి, నన్ను చూసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. తోటంతా నెర్రెలు విచ్చి ఉంటే నా చుట్టూ జానెడు మేర తడి, అందులో పచ్చగా గరిక.

"అన్నా, ఈడ ఎవరు నీళ్లు పోస్తాండేది?"

మెచ్చుకుంటారనుకుని అశ్వర్థమ్మ ముందుకొచ్చింది. "నేనే సార్. దాని కడుపులో నీళ్లు దిగిపోతాంటే పానం ఒప్పలేదు."

ఇంతియాజ్ నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఆవిడ చెంబు కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక అక్కులప్ప తిడతాడనుకున్నాను. చిన్న చిన్న వాటికే ఆయన ఇంత నోరు చేస్తాడు. కానీ ఆయన నేరుగా బోరు దగ్గరికి వెళ్లి చూసొచ్చాడు. ఉన్న నీళ్లు సగం సాళ్లకే వస్తాయి. ఏ సాళ్లు కోలుకుంటాయి, వేటి మీద ఆశ వదులుకోవాలి? నేనున్నది ఒక్క సాలులో. మిగతా వాటి సంగతి నాకు తెలియదు. ఇంతియాజ్‌కీ తెలియదు. అక్కులప్ప భార్య ముందు నిలబడి, నీళ్లు ఎటు తిప్పమంటావని అడిగాడు.

"నన్నడగాకు. నేను చేసింది చాలు."

"గడియారానికి దాహమైతాందని తెలుసుకుంటివే," అన్నాడాయన. "చెట్టు దాహం నీకు తెల్లదా? నువ్వు చెప్పు, నేను తిప్పుతా."

అశ్వర్థమ్మ కళ్లు తుడుచుకుని కదిలింది. ప్రతి సాలులోనూ నులితీగలను వేలితో ఎత్తి చూస్తూ నడిచింది. ఆవిడ చెయ్యి చూపిన చోటల్లా ఆయన వాల్వు తిప్పాడు. మా సాలు పడమటి గట్టున ఉంది, మధ్యాహ్నపు ఎండంతా దానిదే. ఆవిడ అక్కడ ఆగి, తీగను పట్టి చూసి, నన్నూ చూసి, చెయ్యి చూపకుండానే ముందుకు వెళ్లిపోయింది. చెంబు ఆగిపోయాక నా ముల్లు ఎనభైకి ఎక్కింది. ఎండిన మట్టి బిగిసి నా మొన చీలేదాకా నేను నిజమే చెప్పాను.

కాయ సగమే వచ్చినా కంపెనీ ఒక్క గుత్తి కూడా వెనక్కి పంపలేదు. తోట పీకేస్తానన్న అక్కులప్ప గడ్డపార బదులు కత్తెర పట్టుకుని, మళ్లీ కాపు కోసం తీగలు కత్తిరించాడు. నేనిప్పుడు షెడ్డులో మేకుకు వేలాడుతున్నాను. తోటలోకి కొత్త గడియారం వచ్చింది. ఆయన దాని ముఖం చూస్తాడు, ఆ తర్వాత భార్యను అడుగుతాడు, ఇద్దరూ ఔనంటేనే వాల్వు తిప్పుతాడు. తొలకరికి మా పడమటి సాలు కూడా చిగురేసిందట. ఆ కబురు అశ్వర్థమ్మే షెడ్డులోకి వచ్చి, ఎవరూ లేకుండా చూసి, నాతో చెప్పి పోయింది.