మెట్ల కింద మూల

నేను ఒక రేకు బోర్డును. నరసరావుపేట డాక్టర్ల బజారులో చిదంబరరావు గారు మూడంతస్తుల బిల్డింగ్ కట్టి, అద్దెకున్నవాళ్ల పేర్లు నా మీద రాయించి మెట్ల పక్కన తగిలించారు. పైన పిల్లల డాక్టరు, మధ్యలో రక్తపరీక్షల ల్యాబు, కింద మందుల షాపు, ఇడ్లీ కొట్టు. అన్నిటికంటే అడుగున, మెట్ల కింద మూలలో జాకెట్లు కుట్టే మస్తాన్‌బీ పేరు.

బిడ్డను చూపించడానికొచ్చిన తల్లి మందులు కొనేది, ఇడ్లీ తినేది, ఎలాగూ వచ్చాం కదా అని మస్తాన్‌బీకి జాకెట్టు గుడ్డ ఇచ్చిపోయేది. ఒకరి గిరాకీ ఇంకొకరికి అన్నం పెట్టేది. ఒక గది ఖాళీ అయినా మిగతా అద్దెలు ఆగేవి కావు. చిదంబరరావు గారు మాత్రం అదంతా తన జాతకబలం అనుకునేవారు. మనుషులకు ఆ జబ్బుంది.

ఒక కాలేజీ వాళ్లొచ్చి, ఎక్కువ అద్దె ఇస్తాం, బిల్డింగ్ మొత్తం మాకే కావాలన్నారు. ఆయన అందరినీ వెళ్లగొట్టారు.

"ఈ మూల ఎవరికి అడ్డమయ్యా? మిషను తీసుకుని యాడికి పోయేది?" అంటూ మస్తాన్‌బీ ఆయన కాళ్లు పట్టుకుంది.

"అయ్యన్నీ నాకు చెప్పమాక" అని, ఆయన తాళంచెవితో ఆమె పేరు స్వయంగా గీకేశారు. ఆ గీతలు నాకింకా మండుతూనే ఉన్నాయి.

రెండేళ్లకే కాలేజీ బైపాస్ రోడ్డుకు ఎగిరిపోయింది. బిల్డింగ్ మొత్తం ఒక్కసారే బోసిపోయింది. డాక్టరు అప్పటికే వీధి చివర కుదురుకున్నాడు. రోగులూ, మందుల షాపూ ఆయన వెంటే. బిల్డింగ్ మీద తీసుకున్న అప్పు కట్టమని బ్యాంకు నుంచి ఫోనొస్తే చిదంబరరావు గారు ఉలిక్కిపడేవారు. మస్తాన్‌బీకి ఏ మూలా దొరకలేదు. మిషను అమ్ముకుని తిని, ఇళ్లలో అంట్లు తోముకుంటోంది.

మొన్న ఒక పెద్ద బట్టల కంపెనీ మనిషి చూడ్డానికొస్తున్నాడని తెలిసి ఆయన ఆమెకు కబురు పెట్టారు. మనిషి అలికిడి లేని బిల్డింగ్ ఎవరూ తీసుకోరని ఆయన భయం. నన్ను ఊడదీసి రెండు స్టూళ్ల మీద పరిచి, పైన దుప్పటి కప్పి, "మిషను ముందు కూర్చున్నట్టు కూర్చో. కూలి ఇస్తాలే" అన్నారు. కూర్చుంది. నా కింద ఆమె పాదాలు అలవాటుగా ఆడుతూనే ఉన్నాయి. పాపం, తొక్కడానికి అక్కడ ఏమీ లేదు.

వచ్చినవాడు అంతా తిరిగి చూశాడు. "బావుందండీ. మొత్తం మాకే కావాలి. ఆ మెట్ల కిందామెను మాత్రం ఖాళీ చేయించండి" అన్నాడు.

"ఇప్పుడే!" అన్నారు చిదంబరరావు గారు.

కారు వెళ్లాక మస్తాన్‌బీ, "నా కూలి అయ్యా?" అంది.

"ఎంతసేపు కూర్చున్నావని?"

ఆమె దుప్పటి మడతపెట్టి ఇచ్చి వెళ్లిపోయింది. నన్ను ఆ సాయంత్రమే పాత ఇనుము కొట్లో వేశారు. నా ఖరీదు మాత్రం ఆయన గట్టిగా బేరమాడి, చిల్లరతో సహా పుచ్చుకున్నారు.