రాతి మీద ఎనిమిదో పేరు

అదీ రాసుకో మనవరాలా. ఛీ అన్నాను, ఛీ అనే రాసుకో. మర్యాదగా మార్చకు.

పొద్దున ప్రార్థనాలయం పక్కగదిలో మీ చిన్నతాత, నా తోడబుట్టినవాడు, గ్రంథం మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ముక్కు చీదాడు. ఆ వేలుతోనే పేజీ తిప్పాడు. అవతల స్నానాలమ్మ శవం ఇంకా ఇంట్లోనే ఉంది. ఎవరు పోయినా ఒళ్ళు కడిగేది ఆమే, అందుకే ఆ పేరు. విషజ్వరాల ఏడు మా అమ్మ మంచాన పడితే వీడు గుమ్మం దాటి లోపలికి రాలేదు. పురుగు పట్టిన పుండ్లు ఆమె కడిగింది. తల దువ్వింది. చివరికి కళ్ళు మూసిందీ ఆమే.

"శ్మశానం గోడ లోపల చోటివ్వరా, రేపు పొద్దునే పూడ్చాలి" అన్నాను.

"రాతి మీద వంశం ఉన్నవాళ్ళకే లోపల, అన్నయ్యా. ఎనిమిది తరాలు మరి. నేనేం చెయ్యను?"

"గ్రంథంలో అలా ఉందా?"

"నీ సంతానాన్ని రక్షిస్తానని మూలపురుషుడికి దేవుడు మాటిచ్చాడుగా!"

"తండ్రి మంచితనం కొడుకుని కాపాడదు, ఎవడి నడత వాడిదేనని కూడా బోధకుడు చదవగా విన్నాను. ఆ పేజీ నీ చీమిడికి అంటుకుపోయిందా?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. వీడు నవ్వలేదు. "రాళ్ళు కొట్టుకునేవాడివి, నీకెందుకు గ్రంథం? ఆమెకి గోడ బయట చోటు చూపించాంగా" అన్నాడు. ఎక్కడో తెలుసా? మురుగుకాలవ పక్కన. జానెడు తవ్వితే నల్లనీళ్ళు ఊరతాయక్కడ.

ఛీ అన్నాను. బయటికొచ్చి ఉమ్మేశాను.

ఇప్పుడు శ్మశానంలో నిలబెట్టిన ఆ వంశం రాయి సంగతి. నెమ్మదిగానే చెబుతాను. ఆ పేర్లు చెక్కింది నేనే. నాకు అక్షరం చెక్కడం వచ్చుగానీ చదవడం రాదు. మా నాన్న ఒక కాగితం మీద పేర్లు రాయించి ఇచ్చాడు, తన తండ్రి పైన, పాతవాళ్ళు కిందకి. బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు ఉన్నవన్నీ చెక్కేశాను. రాయి నిలబెట్టేలోపే నాన్న పోయాడు. ఇక చూసి చెప్పేవాడు లేడు. అట్టడుగున ఉన్న పేరే మా వంశం మూలపురుషుడిదైపోయింది.

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివావు. ఎనిమిదో పేరు వినగానే మళ్ళీ చదవమన్నాను. అది ఆ రాయిని తోలుకొచ్చిన బండివాడిది! రాయి ఎవరి బండికి ఎత్తాలో రాళ్ళగనిలో ఆ కాగితమే చూపించడానికి నాన్న ఆ పేరు అడుగున రాయించాడన్నమాట. లోకమంతా వాణ్ణి బండోడా అనేది. పేరు పెట్టి పిలిచింది నేనొక్కణ్ణే. ఎవర్ని పూడ్చినా మీ చిన్నతాత రాతి మీది పేర్లు చదువుతూ ఆ పేరు దగ్గర గొంతు పెంచి, కళ్ళు తుడుచుకుంటాడు. నేనేమో సిగ్గుపడి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. నన్ను చూసుకున్నా నాకు రోతే. అదీ రాసుకో.

స్నానాలమ్మ ఆ బండివాడి కూతురే. నవ్వకు. శవం లేవలేదింకా.

ఇది తెలిస్తే మీ చిన్నతాత ఏం చేస్తాడో చెప్పనా? రాయి తప్పని ఛస్తే ఒప్పుకోడు. "అయ్యో, మూలపురుషుడి సొంత కూతురు!" అని తనే భుజమిచ్చి లోపలికి మోస్తాడు. అది ఇంకా అసహ్యం. తండ్రి పేరు చెప్పుకుని ఆమె లోపలికి రానక్కర్లేదు. ఆ చేతులు ఏం చేశాయో నలుగురిలో చెప్పి మరీ తీసుకెళ్ళాలి. లేదంటే ఉలీ సుత్తీ సంచిలో సర్దే ఉన్నాయి. తెల్లారగానే ఎనిమిది పేర్లూ అక్షరం మిగలకుండా చెక్కి పారేస్తాను. నేను పోయాక నన్నూ కాలవ పక్కన, ఆమె దగ్గరే పెట్టండి.

అంతే. చెప్పులేసుకో. ఇది ఇప్పుడే తీసుకెళ్ళి మీ చిన్నతాతకి చదివి వినిపించు. కళ్ళజోడు దొరకలేదంటాడు, కాగితం చేతికివ్వకు. గుమ్మంలో కాదు, కోడళ్ళూ పిల్లలూ వినేలా నడింట్లో నిలబడి చదువు. మా అమ్మ పుండ్ల దగ్గరకొచ్చేసరికి ఆగి, వాడి మొహం చూసి, ఆ ముక్క మళ్ళీ చదువు.