పొయ్యి ఆపావా, ఎవరిస్తో?

ఆ వీడియో ఆటలో ఒక సంత ఉండేది. వంతెన దాటగానే ఎడమవైపు మూడో బండి మమేయ్ పళ్ళది. దాని పక్కన కదలకుండా నిలబడితే, నాలుగు నిమిషాలకోసారి ఒక ఆడమనిషి గొంతు వినిపించేది. "మమేయ్, తియ్యటి మమేయ్" అని సాగదీసి అరుస్తూ అరుస్తూ, మధ్యలో అదే రాగంలో "పొయ్యి ఆపావా, ఎవరిస్తో?" అనేది. మళ్ళీ పళ్ళ మీదికి పోయేది.

ఎవరిస్తోని నేనే. ఆ గొంతు ఒతీలియాది, నా భార్యది. పోయి ఎనిమిదేళ్ళయింది.

మేమిద్దరం ఈ మెక్సికో నగరంలో డబ్బింగ్ చెప్పుకుని బతికినవాళ్ళం. పెద్ద పాత్రలేం కావు. తలుపు తీసే పనిమనిషి ఆవిడ, తూటా తగిలి అరిచి చచ్చేవాణ్ణి నేను. ఆరో తరగతిలో బడి మానేసి, గ్యాస్ బండి వెనకాల నిలబడి వీధి వీధీ "గ్యా...స్" అని అరిచేవాణ్ణి. ఆ అరుపు విని గుమెర్సిందో అనే డైరెక్టరు నన్ను స్టూడియోకి లాక్కుపోయాడు. చదువు లేనివాడికి దేవుడు గొంతిచ్చాడు అనేవారంతా. ఆ గొంతు ఏం చేసిందో చెబుతాను.

సంతకి గొంతులు చెప్పిన రోజు ఒకే మైకు చుట్టూ ఆరుగురం. గుంపు గొంతులకి మా దగ్గరొక కట్టుబాటుంది. ఎర్రదీపం వెలిగాక ఎవరూ ఆగకూడదు, ఒకరి మాటకి ఇంకొకరు బదులు చెప్పకూడదు. బదులు చెబితే అది ఇద్దరి ముచ్చట అవుతుంది, సంత అవదు. కట్టుబాటు తప్పకుండా నోటికొచ్చింది వాగొచ్చు. ఇంటి గొడవలు, పక్కింటి కుక్క, ఏదైనా. ఆ సంతలో నేను కత్తులు సానబెట్టేవాణ్ణి. ఒతీలియా పళ్ళమ్మే మనిషి. సగంలో ఉండగా ఆవిడకి ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన నల్ల చిక్కుళ్ళు గుర్తొచ్చాయి. ఇంట్లోంచి చివర బయటికొచ్చింది నేను. అడిగేసింది.

ఆపలేదు. ఆ క్షణంలోనే నాకూ గుర్తొచ్చింది. బదులు చెప్పడానికి లేదు కదా. "కత్తులూ! కత్తెరలూ!" అని గొంతు చించుకున్నాను. అద్దం వెనకాల గుమెర్సిందో భుజాలు ఎగిరిపడుతున్నాయి నవ్వుకి.

దీపం ఆరింది.

"ఆపావా లేదా, చెప్పి చావు!" అంది.

"లేదు."

"నీ మొహం మండ! ఇల్లు తగలడిపోతుంటే కత్తులు, కత్తెరలట!"

గుమెర్సిందో మైకులో అన్నాడు: "అమ్మా ఒతీలియా, ఇల్లు పోతే పోయింది, ఇప్పుడు రికార్డయిన టేక్ బంగారం. నేనిది చచ్చినా మార్చను."

ఇల్లు తగలడలేదుగానీ కుండ అడుగు బొగ్గయింది. దారంతా, ఆ తర్వాత వారమంతా తిట్టింది. ఆ మాడిన కుండలోనే తర్వాత మట్టి పోసి కొత్తిమీర వేసింది.

ఆ మాట ఆటగాళ్ళకి ఎందుకు పట్టుకుందో నాకు తెలీదు. ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోవడానికి అదే అనడం మొదలెట్టారు. చొక్కాల మీద కూడా వేసుకున్నారు. ఒతీలియా ముసిముసిగా నవ్వుకునేది.

ఆవిడ పోయాక, పుట్టినరోజుకీ పోయినరోజుకీ ఆ బండి దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఆవిడ గొంతు ఎన్నో సీరియళ్ళలో ఉందిగా అంటారు. ఉంది. కానీ అక్కడ ఆవిడ ఎవరికో తల్లి, ఎవరికో వంటమనిషి. మా ఫోనులో ఉన్న నాలుగు మాటలూ బస్సులో దొంగ పట్టుకుపోయాడు. ఒతీలియా ఒతీలియాలాగా నాతో మాట్లాడింది ఆ బండి దగ్గరొక్కచోటే.

నిరుడు ఆట కంపెనీవాళ్ళు సంతని మారుస్తామన్నారు. ఇకమీదట బండివాళ్ళు ముందే రికార్డు చేసిన మాటలు చెప్పరట. మనం మైకులో ఏదడిగితే దానికి మిషనే అప్పటికప్పుడు మాటలు పుట్టించి, గొంతు పుట్టించి చెబుతుందట. అందుకు మా గొంతులు కావాలట. యూనియన్ హాల్లో లేచి నిలబడ్డాను. "బతికున్నవాడు గొంతమ్ముకుంటే ఆకలి అనుకుందాం, చచ్చినవాళ్ళ గొంతమ్ముకునేవాణ్ణి ఏమనాలి?" అని అరిచాను. చప్పట్లు హాలు దాటి వినిపించాయి. ముప్ఫై ఏళ్ళ డబ్బింగులో నాకు అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఇత్సెల్ అనే అమ్మాయి కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. కాఫీ ఇచ్చాను, కూర్చోమనలేదు.

"దోన్ ఎవరిస్తో, బలవంతమేం లేదు. సంతకం పెడితే అమ్మగారి గొంతు కొత్త సంతలో ఉంటుంది. పెట్టకపోతే తీసేస్తాం."

"ఉండి ఏం మాట్లాడుతుంది?"

"ఎవరేమడిగితే దానికి తగ్గట్టు."

"నేనడిగినదానికే నా పెళ్ళాం ఏనాడూ తగ్గట్టు చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళకి చెబుతుందా?"

నవ్వాపుకుంది పాపం. కాగితం మడిచి వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర ఆగింది. "ఇంకొక్క మాటండీ. మీ ఇంట్లో ఉన్న ఆట మిషనుకి..."

"ఆ మాట కూడా మిషనే రాసిచ్చిందా?" అన్నాను.

మొహం ఎర్రబడింది. వెళ్ళిపోయింది. మంచి దెబ్బ కొట్టానని ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మా పై వాటాలో దోన్యా కొలుంబా ఉంటుంది. ఫుట్‌బాల్ చూసుకోవయ్యా అని తన ఇంటర్నెట్ నాకూ కలుపుకోనిచ్చింది. ఆట మిషనులోనే మ్యాచ్‌లు చూసేవాణ్ణి. కంపెనీవాళ్ళు తీసేసినా, నా మిషనులో ఉన్న పాత సంత నాకుంటుందనే అనుకున్నాను. నవంబరులో ఒతీలియా పుట్టినరోజు పొద్దున్నే, స్నానం చేసి, తల దువ్వుకుని మిషను పెట్టాను. తెర మీద ఒక మాట: "ఆట కొత్తగా తయారవుతోంది. మధ్యలో ఆపవద్దు." పక్కన చిన్న ఎర్రదీపం.

వైరు పీకితే సరిపోయేది. చేతికందే దూరంలోనే ఉంది. కానీ ఎర్రదీపం వెలుగుతుంటే ఆపకూడదని ముప్ఫై ఏళ్ళు నేర్చుకున్నవాణ్ణి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. దీపం ఆరాక వంతెన దాటాను. మూడో బండి ఉంది. పళ్ళున్నాయి. ఎవరో పడుచుపిల్ల నిలబడి ఉంది. నాలుగు నిమిషాలు ఆగాను. ఎనిమిది ఆగాను.

గుమెర్సిందోకి ఫోను చేశాను.

"ఆ సంత టేక్ నీ దగ్గరుందా?"

"స్టూడియోలో మూడేళ్ళకి మించి ఏదీ ఉంచరు, నీకు తెలీదా? అయినా నీ మిషనులో ఉందిగా."

"పోయింది. కొత్తదొచ్చి కూర్చుంది."

"నెట్ ఎందుకు కలిపావురా? కలిపితే పాతది పోతుందని ఆ ఇత్సెల్ అందరికీ చెప్పింది కదా. నీకు పనిగట్టుకుని చెప్పాలనే ఇంటికొస్తున్నానంది నాతో."

"చెప్పబోయింది."

"మరి?"

"నేను చెప్పనివ్వలేదు."

"నీ నోరు ఉంది చూశావూ," అన్నాడు. "నీకు కూడు పెట్టిందీ అదే, నీ నోట్లో మన్ను కొట్టిందీ అదే."

ఆట కొన్నప్పటి పెట్టెలో డిస్కు ఉందిగా అన్నారు కొందరు. అందులో సంత లేదు, సంత తర్వాత వచ్చింది. ఆటగాళ్ళు తీసి పెట్టుకున్న వీడియోలు ఉంటాయన్నాడు గుమెర్సిందో. వెతికించి పంపించాడు, నలభై దాకా. అన్నీ విన్నాను. అందరూ ఆ మాట కోసమే అక్కడికి వెళ్ళినవాళ్ళు కదా, సరిగ్గా ఆ మాట దగ్గరికొచ్చేసరికి పగలబడి నవ్వారు. నలభైలోనూ నవ్వులే. కింద ఎక్కడో ఆవిడ.

ఇత్సెల్‌కి ఫోను చేశాను. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. "కొత్తది పెట్టాక పాతది మా దగ్గరా ఉంచుకోలేదండీ" అంది. తనదే తప్పయినట్టు రెండుసార్లు క్షమించమంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మొన్న మధ్యాహ్నం మైకు తగిలించుకుని మళ్ళీ వెళ్ళాను. పళ్ళబండి పిల్ల నా పేరడిగింది. చెప్పాను.

"పొయ్యి ఆపావా, ఎవరిస్తో?" అంది.

తెర దగ్గరికి జరిగాను. తర్వాత అర్థమైంది. ఆటగాళ్ళంతా అనుకునే మాట కాబట్టి మిషను దాన్ని ఏరుకుంది. ఎవడి పేరు చెబితే వాడి పేరు పెట్టి అడుగుతుంది. ఆవిడ గొంతు ఇవ్వనన్నాను, ఇవ్వలేదు. మాటకి సంతకం అడగాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. కొత్త గొంతు నున్నగా, తేనె రాసినట్టుంది. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు.

ఆ రోజు బదులు చెప్పడానికి లేకపోయింది. ఇప్పుడు ఎర్రదీపం లేదు, అద్దం వెనకాల గుమెర్సిందో లేడు.

"లేదే," అన్నాను. "మర్చిపోయాను."

"పరవాలేదు! అందరూ మర్చిపోతూ ఉంటారు. మంచి మమేయ్ ఉంది, ఇవ్వనా?"

ఒతీలియా నోట పరవాలేదు అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"కుండ మాడిపోయింది," అన్నాను. "చిక్కుళ్ళన్నీ బొగ్గయ్యాయి. నన్ను తిట్టు."

"అయ్యో, నిన్నెందుకు తిడతాను ఎవరిస్తో? పొద్దున్నుంచీ నాకు దొరికిన మంచి బేరం నువ్వే!"

"తిట్టవే."

నవ్వింది. మమేయ్ ఎలా కొయ్యాలో చెప్పింది. కుండకి పట్టిన మాడు ఎలా వదిలించాలో కూడా చెప్పింది, ఉప్పూ నిమ్మకాయా వేసి. పొద్దువాలేదాకా అడిగాను. తిట్టలేదు.